మైలుతుత్తం, సున్నం, ద్రాక్షాకు: అలెక్సీ మియార్దే శాస్త్రజీవితం

పియెర్ మారీ అలెక్సీ మియార్దే (1838–1902) ఫ్రాన్స్ దేశపు వృక్షశాస్త్రవేత్త. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో యూరప్ ద్రాక్షతోటల మీద రెండు పెద్ద ఉపద్రవాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. ఒకటి వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు, రెండోది ఆకును మాడ్చే బూజు తెగులు. మొదటిదాన్ని తట్టుకునే వేరుమూలాలను అమెరికా అడవి ద్రాక్షల నుంచి తయారు చేసినవారిలో మియార్దే ముఖ్యుడు. రెండోదానికి మైలుతుత్తం, సున్నం కలిపిన మందు పనిచేస్తుందని నిరూపించి రైతు చేతిలో పెట్టినవాడు ఆయనే. ఆ మందు పేరు బోర్డో మిశ్రమం. నిమ్మ, బత్తాయి తోటల్లో, తమలపాకు తోటల్లో, కొబ్బరి చెట్ల మొవ్వుల్లో తెలుగు రైతులు ఇప్పటికీ వాడుతున్నది అదే. మందు పేరు ఊరూరా తెలుసు, దాని వెనక ఉన్న మనిషిని ఎరిగినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది.

ఆయన గురించి తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. బాటసారులు పళ్లు కోసుకుపోకుండా రైతులు దారి పక్క తీగల మీద ఏదో చల్లారు, అటుగా వెళ్తున్న ప్రొఫెసరు కంట అది పడింది, మందు పుట్టింది. కథ నిజమే. కానీ దాన్ని అదృష్టం అన్న ఒక్క మాటతో ముగిస్తే మియార్దేకు అన్యాయం చేసినట్టే. ఆ దారిలో అంతకుముందు ఎందరో నడిచారు. ఆ ఆకుల్లో ఏం చూడాలో తెలిసినవాడు అటు వెళ్లే సరికి 1882 అయింది. ఆ ఎరుక వెనక ఇరవై ఏళ్ల చదువు ఉంది.

తూర్పు ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్ సరిహద్దుకు చేరువగా ఉన్న జూరా ప్రాంతంలో, మోంమిరే-లా-వీల్ అనే పల్లెలో 1838 డిసెంబరు 13న మియార్దే పుట్టాడు. మొదట వైద్యం చదివాడు. తర్వాత మనసు మొక్కల వైపు తిరిగింది. అప్పట్లో వృక్షశాస్త్రంలో కొత్త గాలి వీస్తున్నది జర్మనీలో. ఎండబెట్టిన మొక్కలను కాగితాలకు అంటించి పేర్లు పెట్టే పని నుంచి, సూక్ష్మదర్శిని కింద వాటి జీవితచక్రాన్ని గమనించే పని వైపు అక్కడి పండితులు మళ్లారు. మియార్దే హైడెల్‌బర్గ్‌లోనూ, ఫ్రైబర్గ్‌లోనూ చదివాడు. ఆయన గురువుల్లో ఇద్దరు ఆ శతాబ్దపు వృక్షశాస్త్రానికే పెద్దలు. మొదటివాడు విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్. నాచు మొక్కల్లో, ఫెర్నుల్లో, శంకుధారి (కోనిఫర్) మొక్కల్లో రెండు తరాల జీవితం ఒకదాని తర్వాత ఒకటిగా ఎలా మారుతుందో 1851లో తేటతెల్లం చేసినవాడు. రెండోవాడు ఆంటోన్ డి బారీ.

డి బారీ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1840లలో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి లక్షల ప్రాణాలు తీసిన తెగులుకు కారణం ఏమిటన్నది ఏళ్ల తరబడి వాదంగానే మిగిలింది. మొక్క జబ్బుపడి కుళ్లితే, ఆ కుళ్లులో బూజు దానంతట అదే పుడుతుందని పండితుల్లోనే చాలామంది నమ్మారు. డి బారీ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాడు. బూజు బయటి నుంచి వస్తుంది, ఆకులో దూరుతుంది, జబ్బుకు మూలం అదే అని 1860లలో ప్రయోగాలతో చూపించాడు. ఆ తెగులును కలిగించే జీవికి 1876లో ఫైటోఫ్తోరా అన్న పేరు పెట్టినవాడూ ఆయనే. ద్రాక్షాకుల మీద బతికే బూజును కూడా ఆయన అధ్యయనం చేశాడు. అప్పటికి అది అమెరికాలో మాత్రమే ఉండేది. అలాంటి జీవి పుట్టుక, పెరుగుదల, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చేరే తీరు తెలుసుకోవడం ఎలాగో మియార్దే ఆ గురువు దగ్గరే నేర్చాడు. పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత అక్కరకు వచ్చింది ఆ విద్యే.

మియార్దే తొలి రచనలకు వ్యవసాయంతో సంబంధం లేదు. పూలు పూయని నాళిక మొక్కల్లో పురుష బీజం మొలకెత్తే విధానం మీద 1869లో ఆయన ప్రకటించిన అధ్యయనం హోఫ్‌మైస్టర్ దారిలో సాగిన శుద్ధ శాస్త్రం. ఆ ఏడే స్ట్రాస్‌బర్గ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం మొదలైంది. ఫ్రాన్స్ ఓడిపోయింది, అల్సాస్ ప్రాంతంతో పాటు స్ట్రాస్‌బర్గ్ కూడా జర్మనీ చేతికి పోయింది. మియార్దే 1872లో నాన్సీకి మారాడు. అదే సంవత్సరం జర్మనీ ప్రభుత్వం స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయాన్ని కొత్తగా నిలబెట్టింది, తొలి రెక్టరుగా డి బారీ ఎన్నికయ్యాడు. శిష్యుడు విడిచి వెళ్లవలసి వచ్చిన ఊరికి గురువు పెద్దగా వచ్చాడు. నాన్సీలో నాలుగేళ్లు గడిచాక, 1876లో, మియార్దే బోర్డో విజ్ఞానశాస్త్ర విభాగంలో ఆచార్యుడిగా చేరాడు. మిగిలిన జీవితమంతా అక్కడే.

ఆయన చేరేనాటికి బోర్డో ప్రాంతం భయం గుప్పిట్లో ఉంది. 1860లలో దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది ఒడ్డు తోటల్లో ద్రాక్షతీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868 జులైలో మాంపెల్లియె వృక్షశాస్త్రవేత్త జూల్-ఎమీల్ ప్లాంషాన్, ఇద్దరు సహచరులతో కలిసి, చచ్చిన తీగలను వదిలి ఇంకా బతికున్న తీగల వేళ్లు తవ్వించి చూశాడు. వేళ్ల నిండా పచ్చటి చిన్న పురుగులు. పేనుబంక జాతికి దగ్గరి చుట్టమైన ఆ పురుగే ఫిలోక్సెరా. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగం. సరదాకి, పరిశోధనకి తెప్పించుకున్న అమెరికా ద్రాక్షమొక్కలతో పాటు సముద్రం దాటి వచ్చింది.

నష్టం ఎంతటిదో ఒక లెక్క చెబుతుంది. 1875లో ఫ్రాన్స్‌లో సుమారు 840 లక్షల హెక్టోలీటర్ల వైన్ తయారైంది. 1889 నాటికి అది 240 లక్షల హెక్టోలీటర్ల లోపుకు పడిపోయింది. మందు కనిపెట్టినవారికి ప్రభుత్వం 1870లో 20,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించి, 1874లో దాన్ని 3,00,000 ఫ్రాంకులకు పెంచింది. ఆ సొమ్ము చివరికి ఎవరికీ దక్కలేదు. కార్బన్ డైసల్ఫైడ్‌ను భూమిలోకి ఎక్కించడం, చలికాలంలో తోటను వారాల తరబడి నీటిలో ముంచి ఉంచడం, పురుగు బతకలేని ఇసుక నేలల్లో కొత్త తోటలు వేయడం వంటివి కొంత పనిచేశాయి. మొదటిది ఖర్చుతో కూడినది. మిగతా రెండు అన్ని నేలలకూ కుదిరేవి కావు.

మిగిలిన దారి అంటు కట్టడం. ఫిలోక్సెరాతో వేల ఏళ్లుగా కలిసి బతికిన అమెరికా అడవి ద్రాక్షలు దాని కాటుకు చావవు. వాటి వేళ్ల మీద ఫ్రెంచి ద్రాక్ష కొమ్మను అంటు కడితే, కింద అమెరికా బలం, పైన ఫ్రాన్స్ రుచి. ఈ ఆలోచన మియార్దేది కాదు. బోర్డోకు చెందిన లెయో లాలిమాన్ 1869లోనే అమెరికా తీగల ఓర్పు గురించి చెప్పాడు, గాస్తోన్ బాజీల్ అంటు పద్ధతిని ముందుకు తెచ్చాడు. మియార్దే చేసినది అంతకంటే కష్టమైన, పేరు తక్కువగా వచ్చే పని. ఏ జాతి ఎంత తట్టుకుంటుంది, ఎందుకు తట్టుకుంటుంది అన్న ప్రశ్నలు పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి వేళ్లను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. పురుగు కుట్టిన చోట వేరు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కుళ్లుతుంది. యూరప్ ద్రాక్షలో ఆ కుళ్లు వేరు లోపలికి పోయి మొక్కను చంపుతుంది. తట్టుకునే అమెరికా జాతుల్లో గాయం పైపైనే ఉంటుంది, కింద కొత్త బెరడు పొర అడ్డుగోడలా ఏర్పడుతుంది. ఈ పరిశీలనలతో ఆయన అమెరికా జాతులను వేరు చేసి, వాటి చరిత్ర మీద 1885లో పెద్ద గ్రంథం వెలువరించాడు.

ఇంకో చిక్కు మిగిలింది. ఓర్పు ఎక్కువ ఉన్న రిపారియా, రూపెస్ట్రిస్ జాతులు సున్నపు నేలల్లో నిలవలేదు. ఆకులు పాలిపోయి, తీగ నీరసించి చచ్చిపోయేది. ఫ్రాన్స్‌లో మేలైన ద్రాక్ష పండే కోన్యాక్, షాంపేన్ ప్రాంతాల్లో నేల చాలావరకు సుద్దమట్టి. టెక్సస్ సున్నపురాతి గుట్టల్లో పెరిగే బెర్లాండియేరి జాతి అలాంటి నేలను తట్టుకుంటుంది గానీ దాని కొమ్మ ముక్కలు పాతితే సరిగ్గా వేరు పట్టవు. ఏ ఒక్క జాతిలోనూ కావలసిన గుణాలన్నీ లేవు కాబట్టి సంకరం చేసి ఒకచోటికి చేర్చాలి. ఎరో జిల్లాలో తోటలున్న షార్ల్ ద గ్రాసే అనే దొరతో కలిసి మియార్దే 1880లలో ఈ పని మొదలుపెట్టాడు. ద్రాక్షపువ్వు కంటికి ఆననంత చిన్నది. పూత విచ్చకముందే కేసరాలు తీసేసి, వేరే జాతి పుప్పొడి అద్ది, సంచి కట్టి, గింజలు పట్టి, మొలిపించి, ఏళ్ల తరబడి పెంచి పరీక్షించాలి. ఆ ఓపికకు దక్కిన ఫలాలే 101-14, 420ఏ, 41బి అన్న అంకెల పేర్లున్న వేరుమూలాలు. మొదటిది రిపారియా, రూపెస్ట్రిస్‌ల సంతానం. రెండోది బెర్లాండియేరి, రిపారియాలది. 41బి షాస్లా అనే యూరప్ ద్రాక్షకూ బెర్లాండియేరికీ పుట్టినది. సుద్దనేల మీద కోన్యాక్, షాంపేన్ తోటలు మళ్లీ నిలబడడంలో దాని వంతు పెద్దది. ఈ మూడూ నేటికీ నర్సరీల్లో దొరుకుతున్నాయి, ఇద్దరు సృష్టికర్తల పేర్ల పొడి అక్షరాలు పక్కన మోసుకుంటూ.

భారతదేశంలో ద్రాక్షసాగుదారులు వేరుమూలాల మీద అంటు కట్టడానికి కారణం వేరు. ఉప్పునీరు, నీటి కొరత ఇక్కడి సమస్యలు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరు మోసిన అనబ్-ఎ-షాహీ తోటల రోజుల తర్వాత, దక్కన్‌లో డాగ్‌రిడ్జ్ అనే టెక్సస్ వేరుమూలం వాడుక పెరిగింది. అది మియార్దే చేసినది కాదు గానీ, నేలను బట్టి వేరును ఎంచుకుని పైన కావలసిన రకాన్ని అంటు కట్టాలన్న పద్ధతి ఆ తరం శాస్త్రవేత్తలు వేసిన దారే.

మళ్లీ ఫ్రాన్స్‌కు వస్తే, అక్కడ వేరుకు మందుగా తెప్పించుకున్న అమెరికా తీగలే ఆకుకు కొత్త జబ్బు తెచ్చాయి. 1878లో నైరుతి ఫ్రాన్స్‌లో బూజు తెగులును గుర్తించారు. నాలుగైదేళ్లలో అది ఇటలీ, అల్జీరియాలతో సహా మధ్యధరా చుట్టూ పాకింది. ఆకు పైన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చలు, అడుగున తెల్లటి బూజు, తర్వాత ఆకు ఎండి రాలడం దీని లక్షణాలు. ఆకులు లేని తీగకు పండు పక్వానికి రాదు, రసంలో చక్కెర చేరదు, వైన్ పుల్లగా పలచగా మిగులుతుంది. అంతకు ముప్పై ఏళ్ల కిందట వచ్చిన బూడిద తెగులుకు గంధకం పొడి మందుగా దొరికింది. ఆ గంధకం ఈ బూజును ఏమీ చేయలేకపోయింది.

ఎందుకు చేయలేదో డి బారీ శిష్యుడికి తెలుసు. బూడిద తెగులు ఆకు పైనే పాకుతుంది. బూజు తెగులు ఆకు లోపల కాపురం పెడుతుంది, పైకి కనిపించేసరికి మందు దాన్ని అందుకోలేదు. అయితే ఆ జీవితచక్రంలో ఒక బలహీనమైన ఘడియ ఉంది. గాలికి ఎగిరిన సిద్ధబీజం ఆకు మీది తడిలో పడ్డాక పగిలి, కశాభాలతో ఈదే అతిచిన్న గమన సిద్ధబీజాలను విడుదల చేస్తుంది. అవి ఆ నీటి పొరలో కొంతసేపు ఈది, ఆకు రంధ్రాన్ని వెతుక్కుని లోపలికి మొలకెత్తుతాయి. అంతసేపూ వాటికి ఏ రక్షణా లేదు. ఆ తడిలో వాటిని చంపే పదార్థం ముందే సిద్ధంగా ఉంటే జబ్బు లోపలికే రాదు. ఆకును నయం చేయాలన్న ఆలోచన వదిలి, ఆకు పైభాగాన్ని ముందుగా కాపాడాలన్న లక్ష్యానికి మియార్దే చేరాడు. ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఈ ఆలోచనే అనిపిస్తుంది.

1882 అక్టోబరు చివర్లో ఆయన మెడాక్ ప్రాంతంలో, సాం-జూల్యాం గ్రామపు ద్రాక్షతోటల మధ్య నడుస్తున్నాడు. ఆ ఏడు తెగులు ఉధృతంగా ఉంది, తోటల్లో చాలా తీగలు ఆకులు రాలి మోడువారాయి. దారి వెంబడి ఉన్న వరసల్లో మాత్రం ఆకులు పచ్చగా నిలిచి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే వాటి మీద నీలి ఛాయ కలిసిన తెల్లటి పూత ఎండి కనిపించింది. షాతో బోకాయూ తోటల వ్యవహారాలు చూసే ఎర్నెస్ట్ దవీద్‌ను అడిగాడు. పళ్లు పండే వేళ దారిన పోయేవాళ్లు కోసుకోకుండా, రాగి చిలుమో, మైలుతుత్తం కలిపిన సున్నమో ఆకుల మీద చల్లడం మెడాక్‌లో అలవాటని, ఆ మరకలు చూసి విషమనుకుని ముట్టుకోరని దవీద్ చెప్పాడు.

ఆ సంవత్సరాల్లోనే ప్రయోగశాలలో ఆయనకు ఇంకో సూచన అందింది. సిద్ధబీజాలను రకరకాల నీళ్లలో వేసి మొలకెత్తించే ప్రయత్నంలో వాననీటిలోనూ మంచునీటిలోనూ అవి మామూలుగా మొలిచాయి, ఇంటి బావి నీటిలో మాత్రం చచ్చాయి. ఆ బావికి ఉన్నది పాత రాగి పంపు. నీటిని పరీక్షిస్తే అందులో రాగి కరిగి ఉందని తేలింది. దారి పక్క తీగల మీది పూతలో రాగి, బావి నీటిలో రాగి. రెండు ఆధారాలూ ఒకే వైపు చూపాయి.

నిజానికి రాగికి ఈ శక్తి ఉందన్న మాట అప్పటికి డెబ్బై అయిదేళ్ల నాటిది. దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంటోబాన్‌లో ఉండే బెనెడిక్ట్ ప్రెవోస్ట్ 1807లోనే, గోధుమ కాటుక తెగులు సిద్ధబీజాలను కొద్దిపాటి రాగి మొలకెత్తనివ్వదని ప్రకటించాడు. తెగులుకు మూలం ఒక సూక్ష్మజీవి అని ఆనాడే చెప్పినవాడు. విన్నవాళ్లు తక్కువ, నమ్మినవాళ్లు ఇంకా తక్కువ. విత్తనాలను మైలుతుత్తం నీళ్లలో నానబెట్టే పద్ధతి కొంత వాడుకలోకి వచ్చింది గానీ, పెరుగుతున్న పచ్చని ఆకు మీద రాగి చల్లవచ్చన్న ఆలోచన రాలేదు. ఒట్టి మైలుతుత్తం నీళ్లు ఆకును మాడ్చేస్తాయి కూడా. మెడాక్ రైతులు వేరే కారణంతో కలిపిన సున్నం ఆ మాడుదలను ఆపింది, పైగా మందును ఆకుకు అంటిపెట్టింది.

ఆకస్మికంగా కనపడినదాన్ని వెంటనే ప్రకటించే తొందర మియార్దే పడలేదు. 1883, 1884లలో రాగి, ఇనుము, సున్నపు మిశ్రమాలతో చిన్న పరీక్షలు చేశాడు. పెద్ద పరీక్ష 1885లో, నథానియెల్ జాన్‌స్టన్ అనే వ్యాపారికి చెందిన షాతో దొజాక్, బోకాయూ తోటల్లో, దవీద్ చేతుల మీదుగా జరిగింది. రసాయన శాస్త్రంలో ఆయనకు తోడు నిలిచినవాడు ఊలీస్ గాయోన్. పాశ్చర్ దగ్గర తయారైనవాడు, బోర్డోలోనే ఆచార్యుడు. ఆ శరత్తు వచ్చేసరికి మందు కొట్టిన వరసలు ఆకులతో నిండుగా, కొట్టని వరసలు మోడులుగా పక్కపక్కనే నిలిచాయి. చూడవచ్చిన రైతులకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

తయారీ విధానాన్ని మియార్దే 1885 వసంతంలోనే జిరోండ్ వ్యవసాయ సంఘం పత్రికలో ప్రకటించాడు. 100 లీటర్ల నీటిలో 8 కిలోల మైలుతుత్తం కరిగించాలి. వేరుగా 30 లీటర్ల నీటిలో 15 కిలోల రాతిసున్నం తడిపి పాలుగా చేయాలి. రెండూ కలిపితే నీలిరంగు చిక్కటి గంజి తయారవుతుంది. కూలీ ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో చిన్న చీపురు పట్టుకుని ఆకుల మీద చిలకరిస్తూ పోవాలి, గుత్తుల మీద పడకుండా చూసుకోవాలి. 1000 తీగలకు 50 లీటర్లు చాలు. వారాల తరబడి ఆకు మీద నిలిచి, వానకు మంచుకు కొద్దికొద్దిగా రాగిని వదులుతూ ఉండడమే దీని ప్రత్యేకత. కోటి భాగాల నీటిలో రెండు మూడు భాగాల రాగి ఉన్నా గమన సిద్ధబీజాలు చస్తాయని గాయోన్, మియార్దే తేల్చారు. పండులోకి, వైన్‌లోకి విషం చేరుతుందేమోనన్న భయం సహజంగానే వచ్చింది. గాయోన్ వైన్‌ను పరీక్షించి, పులిసే క్రమంలో రాగి దాదాపు అంతా అడుగు మడ్డిలోకి పోతుందని చూపించాడు.

పేరు వచ్చిన వెంటనే హక్కుదారులూ వచ్చారు. బర్గండీలో తీగలకు ఊతంగా పాతే కర్రలను పుచ్చిపోకుండా మైలుతుత్తంలో నానబెట్టేవారు. అలాంటి కర్రల చుట్టూ ఆకులు పచ్చగా మిగిలాయని 1884లో అక్కడివాళ్లు గమనించి ప్రకటించారు. ఇటలీలో వట్టి సున్నం పాలతోనే గుణం కనిపించిందన్నారు. అసలు మొదట చల్లింది దవీద్ కాబట్టి ఘనత తోటవాళ్లదేనని వాదించినవారూ ఉన్నారు. మియార్దే ఈ వాదాల్లో గట్టిగానే దిగి తన తేదీలను, ప్రయోగాలను ముందుంచాడు. బర్గండీవారి పరిశీలన స్వతంత్రమైనది, మెచ్చదగినది. దవీద్ శ్రమ లేకపోతే తోటలో రుజువే లేదు. అయినా ఏ పదార్థం పనిచేస్తోంది, జీవితచక్రంలో ఏ దశలో పనిచేస్తోంది, ఎప్పుడు చల్లాలి అన్న మూడింటికీ సమాధానం చెప్పినవాడు మియార్దే ఒక్కడే. మందు అంటే ఆ సమాధానాలతో కలిపే మందు.

తొలి మోతాదు అవసరానికి మించి చిక్కగా ఉందని త్వరలోనే తెలిసింది. మియార్దే, గాయోన్ తామే దాన్ని బాగా తగ్గించారు. సున్నానికి బదులు చాకలి సోడా కలిపిన బర్గండీ మిశ్రమం వచ్చింది. చీపురు పోయి వీపున మోసే పిచికారీ యంత్రాలు వచ్చాయి. విల్‌ఫ్రాన్ష్‌లోని విక్తోర్ వెర్మొరెల్ కర్మాగారం వాటికి పేరుపడింది. అమెరికా వ్యవసాయ శాఖ 1880ల చివర్లోనే ఈ మందును ద్రాక్ష నల్లకుళ్లు మీద పరీక్షించింది. బంగాళాదుంప తెగులు కూడా ఈ బూజుకు దాయాది కావడంతో, ఐర్లాండ్‌ను మాడ్చిన జబ్బుకు సగం శతాబ్దం ఆలస్యంగా మందు దొరికింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీలో రాగి అంతా ఆయుధాలకు పోయి పొలాలకు మిగలలేదు. 1916లో అక్కడి బంగాళాదుంప పంట తెగులు పాలై, ఆ చలికాలం జనం దుంపకూరలతో కడుపు నింపుకోవలసి వచ్చిన కారణాల్లో అదొకటి.

బోర్డో మిశ్రమం పేరు మోగిపోతున్న రోజుల్లో మియార్దే దృష్టి మళ్లీ సంకరాల మీదే ఉంది. ద్రాక్ష సంకరణం మీద 1891లో ఒక గ్రంథం రాశాడు. 1894లో స్ట్రాబెర్రీల మీద వెలువరించిన పత్రం మరీ విచిత్రమైనది. యూరప్, అమెరికా జాతుల స్ట్రాబెర్రీలను కలిపితే పుట్టిన కొన్ని మొక్కలు మధ్యస్థంగా లేవు. అచ్చంగా తల్లిలాగో, అచ్చంగా తండ్రిలాగో ఉన్నాయి, వాటి గింజల నుంచీ అవే గుణాలు వచ్చాయి. వీటికి ఆయన ‘దొంగ సంకరాలు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటికి వంశపారంపర్య నియమాల మీద మెండెల్ రాసిన పత్రం అటకల మీద దుమ్ము పట్టి ఉంది. 1900లో అది మళ్లీ వెలుగులోకి వచ్చాక, ఆ నియమాలకు లొంగని ఉదాహరణగా ఈ స్ట్రాబెర్రీల ప్రస్తావన తొలి జన్యుశాస్త్రజ్ఞుల రాతల్లో కనిపిస్తుంది. మియార్దే ఆ చర్చను ఎక్కువకాలం చూడలేదు. 64వ పుట్టినరోజు దాటిన రెండు రోజులకు, 1902 డిసెంబరు 15న, బోర్డోలో మరణించాడు.

ఆయన మందు భారతదేశానికి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే చేరింది. మైసూరు సంస్థానంలో లెస్లీ కోల్‌మన్ 1910 ప్రాంతంలో పోకచెట్ల కాయకుళ్లుకు దీన్నే వాడాడు. మలెనాడులో కొలెరోగ అని పిలిచే ఆ జబ్బు ఫైటోఫ్తోరా పనే. దాదాపు అదే సమయంలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి వేల సంఖ్యలో చనిపోతుంటే, పూసా పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఇ.జె. బట్లర్ దానికి కారణమైన జీవిని గుర్తించి వర్ణించాడు. అదీ ఆ కుటుంబంలోనిదే. తీర గోదావరిలో తాటిని చంపిన జీవికీ, మెడాక్‌లో ద్రాక్షాకును రాల్చిన జీవికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ తడిలో ఈదే బీజాలతోనే వ్యాపిస్తాయి. అందుకే కొబ్బరి మొవ్వు కుళ్లుకు, తమలపాకు ఆకుకుళ్లుకు, బత్తాయి బంక తెగులుకు ఒకే మందు సిఫారసు అవుతోంది.

తెలుగు జిల్లాల్లో ఒక శాతం మిశ్రమం చేసే పద్ధతి ఇది. కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని ఇంకో 50 లీటర్లలో కలుపుతారు. ఇనుము తగిలితే రాగి దానికి అంటుకుపోతుంది కాబట్టి మట్టి, చెక్క, ప్లాస్టిక్ పాత్రలే వాడతారు. రెండు ద్రావణాలనూ ఒకేసారి మూడో తొట్టిలోకి పోస్తూ కలియబెడతారు. మెరుగు పెట్టిన చాకునో కొడవలినో అందులో కాసేపు ముంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని గుర్తు, ఇంకొంచెం కలపాలి. అదే రోజు వాడేయాలి. నిలవ ఉంచితే అడుగున పేరుకుని ఆకుకు అంటదు. నీళ్లు తగ్గించి, కిలోకు కిలో చొప్పున పది లీటర్లలో చేసిన ముద్ద బోర్డో పేస్టు. బంక కారే చోట బెరడు గీకి కాండానికి పూసేది ఇదే. షాపుల్లో సిద్ధంగా దొరికే కాపర్ ఆక్సీక్లోరైడ్ వచ్చాక ఇంట్లో కలుపుకునే శ్రమ చాలామంది మానుకున్నారు.

నూటనలభై ఏళ్ల వాడకానికి చెల్లించిన మూల్యమూ ఉంది. రాగి లోహం, నేలలో విరిగి మాయం కాదు. ఏటా చల్లిన పాత ద్రాక్షనేలల పై పొరల్లో అది పేరుకుపోయి వానపాములకు, నేలలోని సూక్ష్మజీవులకు హాని చేస్తోంది. దశాబ్దాల పాటు ఈ మందు తుంపరను పీల్చిన పోర్చుగల్ కూలీల ఊపిరితిత్తుల్లో రాగి చేరి జబ్బు కలిగించినట్టు 1969లో వైద్యులు నమోదు చేశారు. సేంద్రియ సాగులో బూజు తెగులుకు దీటైన మరో మందు ఇంకా దొరకనందువల్ల రాగిని పూర్తిగా నిషేధించడం కుదరలేదు. యూరోపియన్ యూనియన్ 2019 నుంచి ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు, మించకూడదని హద్దు పెట్టింది. ఈ హద్దు కారణంగా బూజును సహజంగా తట్టుకునే సంకర ద్రాక్షల కోసం ఫ్రాన్స్, జర్మనీ పరిశోధనాలయాల్లో పని జోరందుకుంది. అందులోనూ ఓర్పు గుణం చాలావరకు అమెరికా అడవి జాతుల నుంచే తీసుకుంటున్నారు.